యోగ్యకర్తలో తెర ముందు సీటు

2023 వేసవి. ప్లెయిన్స్‌బరోలో ఇండియన్ గ్రాసరీ పక్కన ఒక గదిలో నా ట్రావెల్ ఏజెన్సీ. నేను ఎక్కువగా అమ్మేది హైదరాబాద్, బెంగళూరు టికెట్లే. పిల్లల దగ్గర కొన్ని నెలలుండి తిరిగి వెళ్లే తల్లిదండ్రులకి దారిలో ఒక కొత్త ఊరు చూపించడం మాత్రం నేను ఇష్టంగా మొదలుపెట్టిన పని. దీన్ని మా వృత్తిలో స్టాప్‌ఓవర్ అంటాం. అక్కడి హోటల్, కారు, గైడ్ కలిపితే ల్యాండ్ ప్యాకేజ్.

జావా దీవిలోని యోగ్యకర్తని నా జాబితాలో చేర్చినప్పుడు, దగ్గరి ఊరు ఎడిసన్‌లో ఇదే వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి పదిమందిలో నవ్వాడు. "మనవాళ్లకి బాలి చాలు గురువుగారూ, ఇదెవరికమ్ముతారు?" అన్నాడు సమోసా నములుతూ. నేను మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు.

తర్వాత సుజాత వచ్చింది. ఇక్కడ ఫార్మా కంపెనీలో ఉద్యోగం. తండ్రి ఓబులేసు గారిది అనంతపురం వైపు. ఆయన్ని ఊళ్లో దింపడానికి తనే వెళ్తోంది, దారిలో నాలుగు రోజులు ఎక్కడైనా తిప్పాలంది. ఆయనకి రామాయణం అంటే ప్రాణమట. రెండు వారాలు కూర్చుని ప్లాన్ రాశాను. ప్రంబనన్ గుడిలో రాతిలో చెక్కిన రామకథని ప్రదక్షిణం చేస్తూ చూడాలని రాశాను. సుల్తాను ప్యాలెస్‌కి ఏటవాలు కత్తుల్లాంటి చారలున్న బాతిక్ బట్ట కట్టుకెళ్లకూడదని, అది రాజకుటుంబానికే చెందిన డిజైన్ అని కూడా రాశాను. ఆ అమ్మాయి ఫోన్ స్క్రోల్ చేస్తూ, "ఇదంతా ఆన్‌లైన్‌లో ఉంది కదంకుల్," అంది.

సరే, ఆన్‌లైన్‌లో దొరకనిది ఇద్దామనుకున్నాను. ఆ ఊరి తోలుబొమ్మలాటలో దలాంగ్ అనే కళాకారుడు ఒక్కడే కూర్చుని అన్ని బొమ్మలూ ఆడిస్తాడు, అన్ని గొంతులూ పలుకుతాడు. తెర ముందు కూర్చుంటే నల్లటి నీడలు కనిపిస్తాయి. తెర వెనక ఆయన పక్కన కూర్చుంటే బొమ్మల బంగారు రంగులు కనిపిస్తాయి. వెనక సీట్లు ఆరే. గైడ్‌కి పదకొండు ఈమెయిళ్లు పెట్టి రెండు సంపాదించాను. వోచర్ మీద "స్పెషల్, బ్యాక్ సైడ్" అని పెద్దక్షరాలతో వేయించాను.

వాళ్లు అక్కడున్న ఆఖరి రోజు. మాకు ఉదయం తొమ్మిది, వాళ్లకి రాత్రి ఎనిమిది. సుజాత ఫోన్ చేసింది.

"అంకుల్, నాన్న లోపలికి రానంటున్నారు. ఇంకో పది నిమిషాల్లో ఆట మొదలవుతుంది."

"ఏమైందట?"

"వెనక కూర్చోనంటున్నారు. మీరే మాట్లాడండి."

నాకు ఒళ్లు మండింది. "ఓబులేసు గారూ, అవి అందరికీ దొరికే సీట్లు కావండీ."

"నాకు చిన్నప్పట్నుంచి దొరికినాయి సార్," అన్నారాయన తాపీగా. "మేం బొమ్మలాడించేవాళ్లం. ఏడేండ్లప్పుడు తెర ఎనక్కి పోయినోణ్ణి, చేతులు వణికేదాకా ఆడ్నే ఉన్నా. ఒక్క ఆట ముందర కూచొని సూడలేదు."

"వేరేవాళ్ల ఆటకి వెళ్లినప్పుడైనా?"

"పోతే, మనోడొచ్చినాడని ఎనక్కి పిలుస్తారు సార్. మర్యాద గదా."

ఫారంలో వృత్తి అన్న చోట సుజాత "రిటైర్డ్" అని రాసింది. ఏ పని నుంచి అని నేనడగలేదు. ఇరవై ఏళ్లుగా నన్నెవరు ఏమన్నారో వరసగా చెప్పగలను. ఈ తప్పు మాత్రం నాది.

గైడ్‌ని లైన్‌లోకి రమ్మన్నాను. ముందు సీట్లన్నీ ఒక స్కూలు వాళ్లు తీసుకున్నారన్నాడు. కుదరదన్నాడు. నేను వదల్లేదు. మేనేజర్‌ని పిలిపించి, ఈయన కూడా మీ దలాంగ్ లాంటివాడేనని వివరించాను. అదే కొంప ముంచింది. సంగతి విని దలాంగే బయటికొచ్చి, ఓబులేసు గారి చెయ్యి పట్టుకుని, తన పక్కనే చాప వేయిస్తానన్నాడట.

"సూసినారా సార్, నేను జెప్పలే?" అని ఫోన్‌లో ఓబులేసు గారి నవ్వు. తర్వాత కూతురితో అంటున్నది వినిపించింది. "ఆయన్నడుగు పాపా. ఆయన బొమ్మ ముందర్నించి ఎట్లుంటాదో ఆయనెప్పుడన్నా సూసినాడా?"

సుజాత ఇంగ్లీష్‌లో అడిగింది. గైడ్ వాళ్ల భాషలో చెప్పాడు. తర్వాత ఏదో ఈడుస్తున్న చప్పుడు. "అంకుల్, దలాంగే స్టూలు తెచ్చి నాన్నకి ముందు వరసలో వేస్తున్నారు," అని సుజాత గబగబా చెప్పి ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఎయిర్‌పోర్ట్ నుంచి ఓబులేసు గారు మాట్లాడారు. "నీడలో రంగే లేదు సార్. అయినా హనుమంతుడు ఎగిరేటప్పుడు నేను కూడా తల పైకెత్తినా. మా ఊర్ల జనం ఆడ కేకలేసేది ఇనపడేది గానీ, ఎందుకేస్తారో నిన్ననే తెలిసింది. ఇప్పుడు మా తమ్ముని కొడుకు ఆడిస్తాండాడు. ఊరికి పోయినాక వాణ్ణి ఒక ఆటకి ముందర కూచోబెడతా. ఆ ఒక్క ఆట బొమ్మలు నేను పట్టుకుంటా, వణికితే వణకనీ."

అప్పట్నుంచి ఫారంలో "రిటైర్డ్" అని కనబడితే అక్కడే ఆగుతాను. ఏ పనిలో బతికారో, ఏం చూసి విసిగిపోయారో, ఏం చూడకుండా ఉండిపోయారో చెప్పేదాకా ప్లాన్ రాయను. "టికెట్‌కి ఇన్ని ప్రశ్నలా?" అన్నవాళ్లున్నారు, వాళ్ల పేర్లూ గుర్తున్నాయి. మొన్న ఒకావిడ, ముప్పై ఏళ్లు హాస్టల్లో వంట చేశానని చెప్పింది. యోగ్యకర్తకి వెళ్లే ప్రతివాళ్లకీ నేను పెట్టే జావా వంటల క్లాసు ఆవిడ ప్లాన్‌లోంచి కొట్టేశాను. ఆవిడని కూర్చోబెట్టి, కొసరి కొసరి వడ్డించే ఇల్లు ఒకటి వెతుకుతున్నాను.