బోర్లించిన చెంబు

కల్లూరులో మేము అద్దెకుండే ఇంటి కింది వాటాలో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి. ఏకాదశి వస్తే తెల్లారగానే రాగిచెంబు తళతళా తోమి, వాకిట్లో పిట్టగోడ మీద బోర్లించేది. ఆ రోజు అన్నమే కాదు, నీళ్లు కూడా ముట్టదని దానర్థం.

చెంబు కనబడితే చాలు, వీధిలో పోయేవాళ్లంతా ఆగి పలకరించేవాళ్లు. ఆఫీసుకు పోతూ నేనూ ఆగేవాణ్ని.

"ఎండ శానా ఉండాది. గుక్కెడన్నా తాగరాదా అవ్వా?"

"వద్దప్పా. ఒళ్లు దూది మాదిరి తేలిపోతాంది," అని నవ్వేది. పెదాలు ఎండి పగిలి ఉండేవి. కళ్లు మాత్రం మెరిసేవి.

పోయిన ఎండాకాలం, ఒక ఏకాదశి మధ్యాహ్నం వాకిట్లోనే కూలిపోయింది. ఈ వయసులో నీళ్లు మానేస్తే కిడ్నీలు పోతాయని, సెలైను పెట్టిన డాక్టరు గట్టిగా తిట్టాడు. అవ్వ ఉపవాసాలు మానేసింది. హమ్మయ్య అనుకున్నాం. ఆ తర్వాత ఆమె వాకిట్లో ఎవరూ ఆగలేదు. నేను కూడా తల తిప్పకుండా బండెక్కి పోయేవాణ్ని.

రెండు నెలలకు ఒక పొద్దున చెంబు మళ్లీ గోడ మీద బోర్లించి ఉంది. ఆ రోజు ఏకాదశి కూడా కాదు. నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా లోపలికి పోయాను.

"ఏందవ్వా ఇది? చావాలనుకుంటాండావా?"

అవ్వ చాప దులిపి పరుస్తోంది.

"నీళ్లు తాగినాలేప్పా. చెంబు చూస్తేనన్నా వస్తావని పెట్టినా. కూచో."