గార్డు వేషం

మా ఆయన అమ్మమ్మగారు మూకీ సినిమాల్లో వేశారని పెళ్ళిచూపుల నాడే చెప్పారు. మా అత్తయ్యగారు గొప్పగా చెప్పుకునే సంగతి అది. ఆ బొమ్మలు చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు, రీళ్ళూ మిగల్లేదు. ఎంత గొప్పగా చెప్పినా కాదనేవాళ్ళు లేరు. ఇంకో సంగతి ఉందని, ఫిల్మ్ నగర్ ఇంటికి కాపురానికొచ్చిన చాలా రోజులకి గాని నాకు తెలియలేదు.

ఎనభైల చివర్లో సంగతి. అమ్మమ్మగారు అప్పుడు మాతోనే ఉండేవారు. సినిమావాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు వదిలి వచ్చి బండరాళ్ళ మధ్య ఇళ్ళు కట్టుకుంటున్నారు. మా వీధిలో పొద్దస్తమానం రాళ్ళు పేల్చేవాళ్ళు. ఒకరోజు ఏదో సాంస్కృతిక సంఘం తరఫున ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. పాతతరం కళాకారులకి సన్మానం చేస్తున్నామని, అమ్మమ్మగారు వేదిక మీద కూర్చుంటే చాలని చెప్పి, మూకీ రోజుల గురించి అడిగారు.

“మూకీలు మహా అయితే రెండేళ్ళు చేశాను,” అన్నారు ఆవిడ. “మాటలొచ్చాక నా గొంతు మగాడి గొంతులా ఉందని ఇంటికి పొమ్మన్నారు. ఆ తర్వాత నా బతుకంతా స్టేజీయే.”

అత్తయ్యగారు నన్ను కాఫీ తెమ్మని లోపలికి పంపి మాట మార్చబోయారు. నేను గ్లాసులతో వచ్చేసరికే అమ్మమ్మగారు పాట పాడతానని చెప్పేశారు, వాళ్ళు సంబరంగా ఒప్పేసుకున్నారు. వాళ్ళు వెళ్ళాక అత్తయ్యగారు గ్లాసులు విసురుగా లోపలికి ఎత్తుకుపోయారు. మూకీల్లో వేయడం గౌరవం, ఊరూరా డేరాల్లో పాడటం చిన్నతనం అని ఆవిడ లెక్క.

మధ్యాహ్నాలు నా పక్కన కూర్చుని అమ్మమ్మగారే చెప్పారు. అవి నాటకాలు కావట. కథా లేదు, రాజూ లేడు. ఓ పాట, ఓ డాన్సు, కాస్త హాస్యం, మళ్ళీ పాట. కరపత్రాల్లో ‘ఆటపాటల కదంబం’ అని వేసేవాళ్ళట. మగగొంతు అని సినిమావాళ్ళు పొమ్మన్న ఆ గొంతుకి అక్కడ మగవేషం దొరికింది. ప్యాంటూ కోటూ తొడిగి, చేతిలో పచ్చజెండా పట్టుకుని రైలు గార్డులా పాడేవారు. రాజమండ్రిలో బండి కదులుతుంది. స్టేషనుకో చరణం, చరణానికో ప్రయాణీకుడు. నిడదవోలులో తమలపాకుల బుట్టతో ముసలమ్మ, తాడేపల్లిగూడెంలో గొడుగేసుకున్న కొత్తల్లుడు. వాళ్ళందరి నడకలూ ఆవిడే నడిచి చూపించేవారు.

రోజూ సాధన మొదలైంది. ఒకరోజు పాట చివరిదాకా వచ్చేది. మర్నాడు నిడదవోలు దాటేది కాదు, తిరిగి రాజమండ్రికే వచ్చేది. ఒకసారి నన్ను చూసి, నీ జడ ఇంకా వేసుకోలేదేంటి, ఆటకి వేళయింది అన్నారు. జనం నవ్వుతారని నా భయం, ఆవిడ పడిపోతారని ఇంకో భయం. మా ఆయన రీరికార్డింగ్ పని మీద మద్రాసులో ఉన్నారు. అత్తయ్యగారితో అంటే, నేను ముందే వద్దన్నాను కదా అన్నారు.

సన్మానం రోజు పొద్దున్న లేచి చూస్తే ఆవిడ మంచం ఖాళీ. గేటు బార్లా తీసి ఉంది. దువ్వెన, పౌడరు డబ్బా, చేతిసంచీ కనిపించలేదు. పునాదుల కోసం తవ్విన గోతులన్నీ పరిగెత్తుకుంటూ వెళ్ళి తొంగిచూశాను. ప్రతి గోతి దగ్గరా ముందు కళ్ళు మూసుకుని, తర్వాత తెరిచేదాన్ని. అత్తయ్యగారు చెప్పుల్లేకుండా నా వెనకే వస్తున్నారు.

వీధి చివర ఆటో అతన్ని అడిగితే, “ఆ పెద్దమ్మనా? నేనే దించిన,” అన్నాడు. “ఆటలోళ్ళ బండి ఏడుంటదని అడిగింది. కృష్ణానగర్ల షూటింగ్ బండ్లు ఆగే కాడ దించి వచ్చిన. ఫికర్ జెయ్యకుండ్రి, కూసోండి.”

కృష్ణానగర్‌లో అప్పటికే మూడు వ్యాన్లు వెళ్ళిపోయాయని తెలిసింది. ఆవిడ వాటిలో ఎక్కేసి ఉంటే ఏ స్టూడియోలో, ఏ గుంపులో వెతకాలి? అంతలో అత్తయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మూసి ఉన్న దుకాణం అరుగు మీద, గ్రూపు డాన్సర్ల మధ్య అమ్మమ్మగారు కూర్చుని ఉన్నారు. ఎవరో ఆవిడకి టీ ఇప్పించారు. ఒకమ్మాయి చెంపల మీద రంగు ఎక్కువైందని ఆవిడ తన కొంగుతో తుడుస్తున్నారు. మమ్మల్ని చూసి, ఆలస్యమైందేం, బండి వచ్చేస్తుందన్నారు.

సన్మానానికి రాలేమని చెప్పేద్దామని నేను అన్నాను. అత్తయ్యగారు, తీసుకెళ్ళకపోతే రేపు మళ్ళీ బయల్దేరుతుందన్నారు.

సాయంత్రం హాలు నిండుగా ఉంది. సరిపోయే ప్యాంటు దొరకలేదు, చీర మీదే మా ఆయన కోటు వేశాం. నేను వేదిక పక్కన మంచినీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ జెండా ఊపి గొంతెత్తగానే ముందువరసలో గుసగుసలు ఆగిపోయాయి. ముసలమ్మ నడిచింది, జనం నవ్వారు. కొత్తల్లుడు నడిచాడు, ఈలలు వేశారు. తాడేపల్లిగూడెం దాటాక పాట ఆగింది. హార్మోనియం ఒకే చోట తిరుగుతోంది. ఆవిడ జెండా దించి ఎవరి కోసమో చూస్తున్నారు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేయాలా వద్దా అనుకుంటూ ఒక అడుగు వేశాను.

మూడో వరసలోంచి అత్తయ్యగారు లేచారు.

“ఏలూరు, అమ్మా. తివాచీల సాయిబు దిగుతాడు.”

ఆవిడ అటు తిరిగి తల ఊపారు. భుజాన తివాచీ ఉన్నట్టు వంగి నాలుగడుగులు వేసి బెజవాడ దాకా పాడేశారు. హాలంతా చప్పట్లు.

కారులో అత్తయ్యగారు కిటికీ వైపు తిరిగి చెప్పారు. తనని ఏలూరులో పెద్దమ్మ పెంచిందట. అమ్మమ్మగారి ఆట ఏలూరు వచ్చినప్పుడు బడిలో పిల్లలు, ప్యాంటేసుకుని ఎగిరేది మీ అమ్మేనా అని అడిగారట. “కాదన్నాను. రోజూ డేరా వెనక నిలబడి చూశాను. చరణాలన్నీ వచ్చు నాకు.”

అమ్మమ్మగారు వెనక సీట్లోంచి, రేపు ఏ ఊరు అని అడిగారు.

“రేపు ఆట లేదమ్మా, పడుకోవచ్చు,” అన్నారు అత్తయ్యగారు.

ఆ రాత్రి నుంచి అత్తయ్యగారు తన మంచం ఆ గదిలోకి మార్చుకున్నారు. ఎవరైనా వస్తే మూకీల గురించీ చెప్పేవారు, డేరాల గురించీ చెప్పేవారు. అమ్మమ్మగారు ఇంకో రెండేళ్ళు ఉన్నారు, మళ్ళీ ఎటూ వెళ్ళలేదు. అయినా తెల్లవారుజామున వీధిలో ఏ వ్యాను చప్పుడైనా సరే, నేను లేచి వెళ్ళి గేటు చూసుకుని వచ్చేదాన్ని.