అలాయ్ బలాయ్ నాడు విరిగిన పన్ను

నా ముందు పన్ను సగం లేదు. అడిగినవాళ్ళకు బండి మీంచి పడ్డానని చెబుతాను. అబద్ధం. మా బాపు కొట్టాడు. దసరా సాయంత్రం, జమ్మి చెట్టు దగ్గర, ఊరంతా చూస్తుండగా.

అప్పటికి ఏడాదిగా హైదరాబాదులో ఒక పని చేస్తున్నాను. పొద్దున మహబూబ్‌నగర్‌లో రైలెక్కి పోయి సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ణి. ఎవరూ లేని మనుషులు ఒక కౌగిలి కోసం డబ్బు కట్టి మా సెంటరుకు వస్తారు. ఒంటినిండా బట్టలతోనే వాళ్ళను గంటసేపు దగ్గరకు తీసుకుని కూర్చోవాలి. అంతే. భార్య పోయిన ఒక పెద్దాయన, రెండేళ్ళలో తనను ముట్టుకున్నది జుట్టు కత్తిరించే అతనొక్కడేనని చెప్పి నా భుజం మీద వెక్కివెక్కి ఏడ్చాడు. ఈ పనిలో మొదటి నియమం, అవతలి మనిషి 'వదులు' అనగానే వదిలేయాలి.

ఇంట్లో మాత్రం దవాఖానలో పని అని చెప్పాను. దసరాకు నాలుగు రోజుల ముందు సెంటరు వాళ్ళు తీసిన వీడియో ఊరి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. అందులో నేను ఎవరో మగమనిషిని పట్టుకుని ఉన్నాను. బాపు నాతో మాట మానేశాడు. నేను తినే కంచం వేరు పెట్టించాడు.

మా ఊరి మగవాళ్ళను తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. చిటికెన వేళ్ళు పట్టుకుని తిరుగుతారు, ఆటోలో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుంటారు. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అంటూ పగవాణ్ణి కూడా కౌగిలించుకుంటారు. బాపు నన్ను దగ్గరకు తీసుకునేదీ ఆ ఒక్కరోజే. గొర్రెపిల్లను గొంగడిలో చుట్టి గుండెకు అదుముకుని పడుకునే మనిషి, నా మీద చెయ్యి వేస్తే కొట్టడానికే. నాకు ఆ ఒక్క కౌగిలి కావాలి. అందుకే ఆ సాయంత్రం భయపడుతూనే జమ్మి చెట్టు దగ్గరకు పోయాను.

ముందు చిన్నాయిన ఎదురొచ్చాడు. ఆకు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ముట్టకురా. ఎవర్నెవర్ని వాటేసుకున్న చేతులో గవి." బాపు వైపు తిరిగి, "అన్నా, నీ కొడుకును పెండ కలిపిన సాన్పినీళ్ళతోని జర కడుగు," అన్నాడు.

అందరూ నవ్వారు. బాపు చేతిలో గొర్లను అదిలించే కట్టె ఉంది. మొదటి దెబ్బ భుజానికి, రెండోది చెవికి. చెవి గుయ్యిమంది.

"నా ఇజ్జత్ తీసినవు గదరా!"

ఒక్కడూ ఆపలేదు. కిందపడితే కడుపులో తన్నాడు. నాకూ పిచ్చికోపం వచ్చింది. లేచి, ఆయన గొంతు పట్టుకోవాలనే మీదికి ఉరికాను. చేతులు మాత్రం అలవాటుగా ఆయన వీపు చుట్టూ పోయాయి.

గట్టిగా పట్టుకున్నాను. పిడికిలితో గుద్దాడు, భుజం రక్తం వచ్చేలా కొరికాడు. వదల్లేదు. కాసేపటికి గుద్దులు ఆగాయి. ఆయన గడ్డం నా మెడ మీద ఆనింది. ఎడమచెయ్యి నా చొక్కాను గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"వదులు బిడ్డా," అన్నాడు చెవిలో. "అందరు చూస్తుండ్రు."

వదిలేశాను. ఆలోచించలేదు, అలవాటు. ఆయన గుప్పిట ఇంకా నా చొక్కాను పట్టుకునే ఉంది. జనం మళ్ళీ నవ్వారు. ఆయన కుడిచేతిలోని కట్టె నా నోటి మీద పడింది.

ముక్కూమొహం తెలియనివాళ్ళను గంటలు గంటలు పట్టుకున్నాను. బాపును ఇంకొక్క నిమిషం పట్టుకోలేకపోయాను. అందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. తర్వాత చాలా దసరాలు వచ్చాయి. బాపు నాకు జమ్మి ఆకు ఇస్తూనే ఉన్నాడు, చెయ్యి పొడుగ్గా చాచి, దూరం నుంచే.