సినిమా మీద ఒక గొంతు

అది 2022 వానాకాలం. హిందీ మాట్లాడే ఉక్కు ఊళ్ళో, మా తెలుగువాళ్ళుండే బర్మామైన్స్ పేటలో నాది టేప్‌రికార్డర్లు బాగుచేసే కొట్టు. ఇప్పుడు వాటినెవరూ తేవడం లేదు కాబట్టి పాత క్యాసెట్లు డిజిటైజ్ చేస్తున్నాను. అంటే అందులోని శబ్దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పెన్‌డ్రైవ్‌లో ఇస్తాను. పాత సినిమాలంటే నాకు పిచ్చి. వాటి గురించి నాకంతా తెలుసన్న పొగరు కూడా ఉండేది.

ఒకరోజు అదే ఊళ్ళోని భుయ్యాడీహ్ బస్తీ నుంచి నరసమ్మ పిన్ని ఒక ఆడియో క్యాసెట్ తెచ్చింది. ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపిన వాళ్ళాయన పోయి ఆరేళ్ళయిందట. ఒకప్పుడు మావాళ్ళు వీసీఆర్ అద్దెకు తెచ్చి, తెలుగు సినిమా పెట్టుకుని వీధంతా కలిసి చూసేవాళ్ళు. టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టి మాటలు పట్టుకుని, తర్వాత ఏడాదంతా వినేవాళ్ళు. ఇది అలాంటిదే, ఒక సినిమా రెండో సగం.

"జాగర్త బాబూ, ఇదొక్కటే ఉంది" అంది.

విప్పి చూస్తే బూజు. టేపును, శబ్దం చదివే హెడ్‌కి అదిమిపట్టే ప్రెషర్ ప్యాడ్ ఊడిపోయింది. కాస్త తిప్పి చూశాను. సినిమా మాటల మీద ఎవరెవరి మాటలో, నవ్వులో. ఈ గోల ఎవరికి కావాలనుకున్నాను. అదే సినిమా శుభ్రంగా నెట్‌లో దొరికింది. దాని శబ్దమే పెన్‌డ్రైవ్‌లో వేసి, పిన్ని మెచ్చుకుంటుందని కూర్చున్నాను.

ఆవిడ వచ్చి రెండు నిమిషాలు విని నా మొహం చూసింది.

"సినిమా బాగుంది బాబూ. మా ఆయనేడీ?"

నాకర్థం కాలేదు.

"ఆ గోల్లోనే ఉన్నాడు. పోటోలు శానా ఉన్నాయి. గొంతు మాత్రం దీంట్లోనే."

సిగ్గుతో తల వంచుకున్నాను. "తప్పు నాదే పిన్నీ. కూకో. నీ ముందే చేత్తాను" అన్నాను.

బూజు తుడిచి, టేపును వేరే ఖాళీ క్యాసెట్ పెట్టెలోకి మార్చి, కొత్త ప్యాడ్ అతికించాను. అంత పాత టేపు మధ్యలో తెగితే ఆ ముక్క పోయినట్టే. ప్లే నొక్కాను.

గొంతు వచ్చింది. హిందీ పొరుగువాళ్ళ కోసం పిన్ని వాళ్ళాయన ప్రతి డైలాగునీ హిందీలోకి మార్చి చెబుతున్నాడు. సినిమాలో తండ్రి కూతుర్ని గడప తొక్కొద్దని అరుస్తున్నాడు. ఈయనేమో, "బాప్ బోల్ రహా హై, బేటీ, మత్ జా" అంటున్నాడు. వెళ్ళొద్దమ్మా అని! వెనక ఎవరో ఆడమనిషి వెక్కుతోంది.

"తప్పు చెప్పాడేటి పిన్నీ?"

పిన్ని నవ్వింది. "కావాలనే. పక్కింటావిడకి పుట్టింటోళ్ళతో మాటల్లేవు. ఆవిడ ముందర అలాటి మాట ఎలాగంటాడు?"

టేపు తెగలేదు. సినిమా చివర సంగీతం ఆగాక అదే గొంతు, "నరసా, అయిపోనాది. ఆపీ" అంది.

పిన్ని చెయ్యి దానంతటదే మిషను వైపు వెళ్ళింది. సగంలో వెనక్కి తీసుకుంది.

"ఆ రోజు యెంటనే ఆపీసినాను. ఇప్పుడు ఆపకు బాబూ. కాసేపు తిరగనీ."

ఖాళీ టేపు సర్రుమంటూ తిరిగింది. ఇద్దరం అదే వింటూ కూర్చున్నాం.

నన్ను ఒక్క మాట అనకుండా క్షమించినందుకు ఆవిడకి రుణపడ్డాను. పాత సినిమా బతికేది తెరమీద మాత్రమే కాదని నాకు నేర్పింది ఆవిడే. ఇప్పుడు ఎవరు క్యాసెట్ తెచ్చినా సినిమా పేరు అడగను. "దీంట్లో ఎవరున్నారు?" అని అడుగుతాను.