ప్రతి పంక్తీ రెండుసార్లు వచ్చే పాటలు

ఆ సాయంత్రం మేడ మీద ఉన్నవి: ఒక బ్లూటూత్ స్పీకర్, రెండు మైకులు, వాటిలో పలికేది ఒకటి, పాటల అక్షరాలు చూపించే నా పాత ట్యాబ్, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ధాగా కటింగ్‌కు వచ్చిన చీరల మూట. ఉన్నవాళ్లు: అమ్మ, వదిన, కింది వాటాలో ఉండే అత్త, నేను. అత్త మాకు నిజానికి చుట్టం కాదు. ఈ గుజరాత్ ఊళ్లో, మా గోడాదరా పేటలో ఏళ్ల తరబడి ఒకే మెట్లు ఎక్కి దిగితే చుట్టమైపోతారు. ధాగా కటింగ్ అంటే కొత్త చీరల మీద వేలాడే దారాల కొసలు కత్తిరించడం. మా గల్లీ ఆడవాళ్లు ఇంటికి తెచ్చుకుని చేసే పని.

కరోనా రెండో ఏడాది. నేను పల్సానాలో ఒక మిల్లులో మగ్గాలను నడిపే ఎలక్ట్రానిక్ కార్డులు బాగుచేస్తాను. అప్పట్లో మిల్లు ఒక్క షిఫ్టే నడుస్తోంది, కాబట్టి నాకు సాయంత్రాలు ఖాళీ. అమ్మకే తొందర. బతుకమ్మ పండుగకు నెల కూడా లేదు.

మా గల్లీలో ప్రతి ఏటా పాట ఎత్తుకునే అవ్వ ఒకామె ఉండేది. ఆమె ఒక పంక్తి ఎత్తుకుంటే, చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ దాన్ని అందుకునేవారు. మొదటి లాక్‌డౌన్‌లో ఆమె సిరిసిల్ల దగ్గరి ఊరికి వెళ్లిపోయింది, తిరిగి రాలేదు. ఆ ఏడు పండుగ కూడా జరగలేదు. ఈసారి జరుపుదామని గల్లీ కమిటీ కూర్చుంది. కమిటీ పెద్ద మా బాబాయి, నాన్నకు వరసకు తమ్ముడు. డీజే డబ్బా పెట్టి, పెన్‌డ్రైవ్‌లో పాటలు వేద్దామన్నాడు.

“డబ్బా పాడితే మేం చప్పట్లు కొట్టాల్నా?” అంది అమ్మ.

“మరి నువ్వెత్తుకుంటవా వదినా?”

అందరూ నవ్వారు. అమ్మ చాలా ఏళ్లు మగ్గాల షెడ్డులో కండెలు చుట్టింది. ఆ మోతలో అరిచి అరిచి గొంతు మందమైందని, అది నలుగురిలో వినిపించేది కాదని ఆమె నమ్మకం. గుంపులో అందుకోవడమే తప్ప ఒక్కతే ఎన్నడూ పాడలేదు. ఇంటికొస్తూ మెట్ల మీద ఆగి నాతో అంది: “పక్క సొసైటీలోళ్లు మేడ మీద మైకు పట్టుకొని పాడుతరు సూడు, కరోకే. గది నాకు నేర్పు. డబ్బా మాత్రం వద్దు.”

ఒక్కదానికి సిగ్గని వదిననూ అత్తనూ వెంటేసుకుంది.

మొదటి రోజు అమ్మకు ఇష్టమైన పాత సినిమా పాట పెట్టాను. అది తప్పు. ఇష్టమైన పాట తేలికైన పాట కాదు. పల్లవి మధ్యలోనే అమ్మ గొంతు చీలింది.

“ఎవరో పిల్లి తోక తొక్కిన్రు వదినా,” అంది అత్త.

“నీ వంతు రానీ, నీ తోక సంగతి సూస్త,” అంది అమ్మ. అయినా మైకు పక్కన పెట్టేసింది.

నాకు పని దొరికింది. గిటార్ శ్రుతి చేసే యాప్ పెట్టి, అమ్మ మామూలుగా మాట్లాడేటప్పుడు, పిలిచేటప్పుడు, అత్తను తిట్టేటప్పుడు గొంతు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో కొలిచాను. తిట్టేటప్పుడే అన్నిటికంటే నిండుగా ఉంది. సినిమాల్లో ఆడగొంతు పాటలు దానికి చాలా పైన ఉన్నాయి. ఆడవాళ్లకు ఆడవాళ్ల పాటలే తేలిక అనుకోవడం నా రెండో తప్పు. మగగొంతు పాటలు కొన్ని అమ్మకు సరిగ్గా అమిరాయి. మిగతావాటి శ్రుతిని యాప్‌లో మూడు మెట్లు దించాను. నిదానమైన పాటలు తీసేశాను. ఒక్క పదాన్ని సాగదీయాలంటే ఊపిరి కావాలి, భయపడ్డ మనిషికి మొదట పోయేది ఊపిరే. ముందు సంగీతం ఎక్కువసేపు వచ్చే పాటలూ తీసేశాను. ఎదురుచూసే కొద్దీ చేతులు వణుకుతాయి. మైకు చేతిలో ఉంటే ఇంకా వణుకుతాయి కాబట్టి దాన్ని ట్రైపాడ్‌కు కట్టి, చేతులకు కత్తెరలూ చీరలూ ఇచ్చాను.

గొంతులు కుదిరాయి. కానీ ముగ్గురూ ఆలస్యంగా మొదలుపెడుతున్నారు. పాడాల్సిన పంక్తి తెర మీద నీలంగా మారుతుంది, వీళ్లు చూస్తూ ఉంటారు. అది అయిపోయాక దాన్ని శుభ్రంగా పాడతారు. అప్పటికి తర్వాతి పంక్తి సగం వెళ్లిపోతుంది.

బ్లూటూత్ వల్ల శబ్దం వెనకబడుతోందని నా అంచనా. వైరు తెచ్చి కలిపాను. అదే ఆలస్యం. ట్యాబ్ మార్చి వదిన ఫోన్ పెట్టాను. అదే ఆలస్యం. స్పీకర్ విప్పడానికి స్క్రూడ్రైవర్ తీస్తుంటే అత్త కత్తెర ఆపింది.

“ఏం జేస్తున్నవ్ అల్లుడా?”

“మీరు వెనకబడుతున్నరు అత్తా. ఎందుకో చూస్తున్న.”

“డబ్బా ఇప్పితే ఏమొస్తది? ముందుగాల ఎవరన్న ఎత్తుకోవాలె గదా. ఎత్తుకోకుంట మేమెట్ల అందుకుంటం?”

వదిన నవ్వి నవ్వి చీర మీద పడింది. “బ్లూటూత్ అట!”

నేను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాను. యంత్రాల్లో ఏ లోపమూ లేదు. వీళ్లు చిన్నప్పటి నుంచి అవతలి గొంతు ఒక పంక్తి పాడేదాకా ఆగి, తర్వాత పాడినవాళ్లు. తెర ఎత్తుకుంటోందనుకుని మర్యాదగా ఆగుతున్నారు.

మర్నాడు పాటల జాబితా అంతా చెరిపి కొత్తగా ఎంచాను. ఈసారి ఒకటే షరతు: ప్రతి పంక్తీ రెండుసార్లు రావాలి. మొదటిసారి ట్రాక్‌లోని గొంతు పాడుతుంది, రెండోసారి వీళ్లు. అలాంటి పాటలు వెతికితే చాలానే ఉన్నాయి, తెలుగులోనూ హిందీలోనూ. ఆ సాయంత్రం ముగ్గురూ పొరపాటు లేకుండా ఒక పాట మొత్తం పాడారు. అత్త తనకు తానే చప్పట్లు కొట్టుకుంది. పక్క సొసైటీ మేడ మీది గుజరాతీ ఆవిడ మాస్కు దించి “వాహ్ బెన్!” అని, శభాష్ అక్కా అన్నట్టు అరిచింది. ఇక ఆ రోజు వీళ్లను ఆపడం నా వల్ల కాలేదు.

తర్వాత రోజూ ట్రాక్‌లోని గొంతు శబ్దం కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చాను. వాళ్లకు చెప్పే చేశాను. అది సన్నబడే కొద్దీ అమ్మ ముందుకు వంగి వినేది. ఒక సాయంత్రం అది అసలే వినబడలేదు. అమ్మ చీర మీద ఒక మొండి దారంతో కుస్తీ పడుతోంది. తల ఎత్తకుండానే మొదటి పంక్తి తనే పాడేసింది. వదినా అత్తా అలవాటుగా అందుకున్నారు. రెండో పంక్తి అమ్మే, మూడోది అమ్మే.

పాట అయ్యాక వదిన అంది, “అత్తమ్మా, ఇప్పుడు ఎత్తుకున్నది నువ్వే.”

“నేనా?” అమ్మ కత్తెర కింద పెట్టింది. “జర మళ్ల పెట్టు బిడ్డా. ఈసారి సూసుకుంట పాడుత.”

చూసుకుంటూ కూడా పాడింది.

పండుగకు రెండు రోజుల ముందు బాబాయి వచ్చాడు. “పెన్‌డ్రైవ్ నింపినం వదినా, ఫికర్ లేదు.”

“దాంట్ల గర్బా పాటలు నింపి పక్క సొసైటీకి ఇయ్యి. వాళ్లకు పనికొస్తది,” అంది అమ్మ.

అయినా పండుగ రోజు ఆయన డబ్బా తెచ్చి మైదానం మూలన పెట్టి, స్విచ్చు పక్కనే నిలబడ్డాడు. బంతిపూల బతుకమ్మలు నడుమ పెట్టారు. మాస్కుల ఆడవాళ్లు చుట్టూ నిలబడి ఒకరినొకరు చూసుకుంటున్నారు.

“వెయ్యనా వదినా?”

అమ్మ మాస్కు గదవ కిందికి లాగి పాట ఎత్తుకుంది. తెర లేదు, ట్రాక్ లేదు. పంక్తి అయిపోయింది. మేడ మీద ఆ ఖాళీని నింపడానికి రెండు గొంతులే ఉండేవి. ఇక్కడ మొదట అత్త గొంతు, వెంటనే వదినది, ఆ తర్వాత మైదానం మొత్తం. రెండో పంక్తికి అమ్మ, నేను దించిన మూడు మెట్లలో ఒకటి తనే ఎక్కేసింది. షెడ్డులో పది మగ్గాల అవతలికి వినిపించిన ఆ గొంతు గల్లీ చివరి పాన్ డబ్బా దాకా వెళ్లింది. బాబాయి స్విచ్చు వదిలేసి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

నేను డబ్బా మీద కూర్చుని లెక్కపెట్టాను. అమ్మ పాటను అందుకున్నవాళ్లు నలభై ముగ్గురు.