పాత రోడ్డు మీద ఆవిడ హోటల్

నాకు అసూయ ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే నాన్చే పని ఉండదు. బతికున్న మనిషి మీద అసూయ అయితే ఏదో ఒక రోజు ఆ మనిషి ఇండియన్ స్టోర్‌లో ఎదురుపడుతుంది. జుట్టు నెరిసి, కళ్ల కింద గుంటలు పడి కనిపిస్తుంది. మనకి కాస్త చల్లగా ఉంటుంది. నాది చనిపోయిన మనిషి మీద. ఆవిడ జుట్టు ఎప్పటికీ నెరవదు.

ఆవిడంటే మా ఆయన మొదటి భార్య. నేను ఈ ఇంటికి వచ్చేసరికే ఆవిడ పోయి నాలుగేళ్లయింది. అప్పటిదాకా నేను ప్లేనో అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసుకుంటూ, వీసా పొడిగింపుల గొడవలో పడి పెళ్లి సంగతే మర్చిపోయాను. అక్కడి తెలుగు చర్చి వాళ్లూ ఇక్కడి తెలుగు చర్చి వాళ్లూ ఫోన్లు చేసుకుని, ప్రార్థనలు చేసి, మా ఇద్దర్నీ కలిపారు. పెళ్లయ్యాక శాన్‌డియాగోలో ఆయన ఇంటికి వచ్చాను.

ఆవిడ పొడగరి. వంటింట్లో అరలన్నీ తన చేతికి అందేటట్టు సర్దుకుంది. నేను పొట్టిదాన్ని. పసుపు డబ్బా కావాలంటే స్టూలెక్కాలి. ఎక్కిన ప్రతిసారీ ఆవిడని ఒక మాట అనుకుని దిగుతాను. మార్చుకోవచ్చు కదా అంటారేమో, మొదటి నెలలోనే మార్చాను. మర్నాడు పొద్దున మా ఆయన కాఫీ పొడి కోసం పాత అరలో చెయ్యి పెట్టి, అది దొరక్క, ఆ చెయ్యి అలాగే పైకి పెట్టుకుని నిలబడిపోయారు. సాయంత్రానికి అన్నీ మళ్లీ పాత చోటే పెట్టేశాను. నన్నెవరూ పెట్టమనలేదు. ఆ కోపం కూడా ఆవిడ మీదే చూపించాను.

ఆయనదీ ఆవిడదీ నరసాపురం పక్క, సముద్రం గాలి పీల్చి పెరిగిన వాళ్లు. మాది నంద్యాల పక్క మెట్ట ఊరు. ఆదివారం ఆరాధనయ్యాక మా ఇంట్లో కోడి కూరే గానీ చేప పొయ్యెక్కేది కాదు. నాకు ముల్లంటే భయం, నీచు వాసనంటే చిరాకు. అయినా పెళ్లయిన కొత్తలో పట్టుబట్టి చేపల పులుసు నేర్చుకున్నాను. చర్చి భోజనాలకి ఒకసారి గిన్నెడు తీసుకెళ్తే ఒక ఆంటీ రుచి చూసి, "బావుందమ్మా, ఆవిడ అయితే మామిడికాయ వేసేది" అంది. పాట పాడినా అంతే, ప్రార్థన చేసినా అంతే. నేనేది చేసినా ఆవిడ అంతకుముందే, అంతకంటే బాగా చేసేసి ఉంటుంది.

అలాంటి ఇంట్లో నాకంటూ దాచిపెట్టిన సంతోషం ఒకటే ఉండేది. "నీ కార్డ్ రానీ, నిన్నొక చోటికి తీసుకెళ్తాను" అనేవారు మా ఆయన. బోర్డర్ దాటి మెక్సికోలోకి వెళ్తే, కొత్త టోల్ రోడ్డు కాకుండా సముద్రం ఒడ్డునే పాత రోడ్డు ఒకటి ఉందట. దాని మీద ఎప్పటినుంచో ఉన్న హోటల్. కిటికీ కిందే అలలు. నా పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు ఎప్పుడో అయిపోయింది, గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా దేశం దాటొద్దని లాయర్ చెప్పాడు. అందుకని ఆ హోటల్ నా కోసం అక్కడ కాచుకుని ఉందని మురిసిపోతూ ఉండేదాన్ని. ఏడాదికొక శనివారం ఆయన ఒక్కరే వెళ్లొచ్చేవారు. చొక్కా నిండా నిమ్మకాయ వాసన, వేపుడు వాసన. ముఖం తేటగా ఉండేది. పోనీలే, పాపం, తిని వచ్చారు అనుకునేదాన్ని.

ఆ మురిపెం కూడా ఆ చర్చి ఆంటీయే పోగొట్టింది. మాటల మధ్యలో నేను ఆ హోటల్ సంగతెత్తితే, "ఓ, అదా! వాళ్లిద్దరూ ప్రతి యానివర్సరీకి అక్కడికే డ్రైవ్ చేసుకుని వెళ్లేవాళ్లమ్మా. ఆవిడకి అదంటే ప్రాణం. పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లేది" అంది. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే ఆ శనివారం వాళ్ల పెళ్లిరోజు దగ్గరి శనివారమే. ఆ ఏడు ఆయన వెళ్లొచ్చాక చొక్కా రెండుసార్లు ఉతికాను.

మూడో ఏడు కార్డ్ వచ్చింది. "ఈ శనివారం వెళ్దాం" అన్నారు. ఏ శనివారమో ఇద్దరికీ తెలుసు.

"మన పెళ్లి నవంబర్‌లో కదండీ అయింది" అన్నాను.

"తెలుసు" అన్నారు.

వెళ్లనని ఇంట్లో కూర్చోవచ్చు. కానీ కూర్చుంటే ఆ బల్ల దగ్గర ఆవిడే ఉంటుంది. అందుకని బీరువా తీసి, నా పెళ్లికి మా అమ్మ కొన్న ఆకుపచ్చ ధర్మవరం చీర కట్టాను. జుట్టు ముడి వేసుకుని పూలు పెట్టుకున్నాను. హాల్లో ఉన్న ఫొటోలో ఆవిడ ఎంత బావుంటుందో నాకు తెలుసు, దానికి ఒక మెట్టయినా పైన ఉండాలని నా పంతం. మా ఆయన నన్ను చూసి ఏదో అనబోయి ఆగిపోయారు. బావున్నాననే అనుకున్నాను.

బోర్డర్ దాటాక సముద్రం కుడివైపున మాతోపాటే వచ్చింది. రోడ్డు పక్కన మట్టికుండలు అమ్మే కొట్లు, అద్దె గుర్రాలు, సగం కట్టి వదిలేసిన మేడలు. మా ఆయనకి ప్రతి మలుపూ తెలుసు. ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ కుక్కలు అడ్డం వస్తాయో ముందే చెబుతున్నారు. ఆ మలుపులు ఎవరి పక్కన కూర్చుని నేర్చుకున్నారో తలుచుకుంటూ నేను సీట్‌బెల్ట్ పట్టుకుని కూర్చున్నాను. ఆయనకి స్పానిష్ కూడా కొంచెం వచ్చు. అదీ ఇద్దరూ కలిసి లైబ్రరీలో సాయంత్రం క్లాసుకి వెళ్లి నేర్చుకున్నదే.

హోటల్ చూస్తే పెద్దగా ఏమీ లేదు. ఉప్పుగాలికి నీలం రంగు పెచ్చులూడిన పొడుగాటి పెంకుటిల్లు. ప్లాస్టిక్ గుడ్డలు పరిచిన బల్లలు. గుమ్మం పక్కన డబ్బులు తీసుకునే బల్ల దగ్గర ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమెదే హోటల్ అని ఆయన కారులోనే చెప్పారు. మేం లోపలికి అడుగుపెట్టామో లేదో ఆమె లేచి, చేతులు చాచి, గబగబా వచ్చి, మా ఆయన్ని దాటేసి, నన్ను కావలించుకుంది. రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. నా చీర పట్టుకుని చూసి, నా బుగ్గ పుణికి, ఏవేవో చెప్పింది. నేను తెల్లబోయి నవ్వుతూ నిలబడ్డాను.

"ఏమంటోందండీ?"

"చాలా రోజులైందంటోంది."

"నన్నెప్పుడు చూసిందని?"

ఆయన కిటికీ పక్క బల్ల వైపు నడిచారు. మెనూ ఎవరూ ఇవ్వలేదు. ఏం కావాలని ఎవరూ అడగలేదు. కాసేపటికి ముసలామె తనే ఒక పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. పెద్ద చేప తలకాయ, కరకరలాడేటట్టు వేయించింది. పక్కన నిప్పుల మీద కాల్చిన పచ్చిమిరపకాయలు, నిమ్మచెక్కలు. తలకాయ కన్ను నావైపే ఉంది. ముసలామె ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ, నేనెప్పుడు నోట్లో పెట్టుకుంటానా అని నవ్వుముఖంతో నిలబడింది.

నాకు అప్పుడు వెలిగింది. ఆమె చూపు మందగించి ఉంటుంది. ఏళ్ల తరబడి మా ఆయన పక్కన పట్టుచీర కట్టుకుని ఆ గుమ్మంలోకి వచ్చిన మనిషి ఒక్కతే. ఆ ఒక్కతిని మించిపోవాలని నేనూ పట్టుచీర కట్టుకుని వచ్చాను.

"ఈమె నన్ను ఆవిడ అనుకుంటోంది" అన్నాను.

ఆయన తలూపారు.

"ఆవిడ పోయిన సంగతి చెప్పలేదా?"

"లేదు."

"ఇన్నేళ్లుగా? ప్రతి ఏడూ వస్తున్నారు కదా!"

"వచ్చినప్పుడల్లా ఎలా ఉందని అడుగుతుంది. బావుందంటాను. ఈసారి రావడం కుదర్లేదంటాను. ఆవిడకిమ్మని మిరపకాయలు కట్టి ఇస్తుంది. దారిలో ఆపుకుని నేనే తింటాను."

"ఎందుకండీ?"

"అందరికీ చెప్పాను. ఆఫీస్‌లో, చర్చిలో, బ్యాంక్‌లో. చెప్పీ చెప్పీ... ఇక్కడొక్కచోట చెప్పలేదు, అంతే."

ఒళ్లు మండిపోయిందంటే చిన్నమాట. ఇన్నాళ్లూ ఆవిడ పోయిందనే ధీమా అయినా ఉండేది. అరలు ఆవిడవి, పాటలు ఆవిడవి, మామిడికాయ ఆవిడది. కానీ మనిషి లేదు, నేనున్నాను. తీరా చూస్తే ఆవిడ ఉంది. సముద్రం కనిపించే బల్ల దగ్గర, తన పళ్లెం ముందు, హాయిగా ఉంది. మా ఆయన ఏడాదికోసారి దేశం దాటి వెళ్లి ఆవిడని చూసి వస్తున్నారు. ఆయనకి ఇక్కడ మరో ఆడమనిషి ఉందని తెలిసినా జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. ఈవిడని ఎక్కడ పట్టుకోను? ఆ కాసేపూ నేను కూర్చున్న కుర్చీ కూడా నాది కాదు. ఈ తలకాయ ఒక్క ముక్క తింటే ఇక ఎప్పటికీ నాది కాదు అనిపించింది.

"మరి నన్నెందుకు తీసుకొచ్చారు?"

"నువ్వు పక్కనుంటే చెప్పగలననుకున్నాను. ఆమె నిన్ను కావలించుకునేసరికి నోరు రాలేదు."

"ఇప్పుడు చెప్పండి."

"తినేశాక చెప్తాను."

"ఇప్పుడే. నేనిది తినను. ఆమె అక్కడే నిలబడి ఉంది, చూడండి."

ఆయన లేచారు. బల్ల అంచు పట్టుకుని, ముసలామె వైపు తిరిగి, నాలుగైదు మాటలు చెప్పారు. నాకు ఆ భాష రాదు. ఆమె ముఖం చూస్తే చాలు. నవ్వు పోయింది, చెయ్యి నుదుటి మీదికి వెళ్లి సిలువ గుర్తు వేసుకుంది. నన్ను చూసింది, ఆయన్ని చూసింది. ఆయన తల తన భుజం మీదికి లాక్కుంది. మా ఆయన ఏడ్చారు. పక్క బల్లల వాళ్లు చూస్తున్నా ఆపుకోలేక చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

ఆయన కంట్లో నీళ్లు నేను చూడడం అదే మొదలు. ఇంట్లో ఎప్పుడూ ఏడవలేదు. నా ముందు అసలే లేదు. నా భుజం బల్లకి ఇవతలే ఉంది, ముస్తాబై ఉంది, ఎవరికీ పనికిరాకుండా ఉంది. అసూయ ఆ ముసలామె మీదికి కూడా పాకింది. ఈమెకి ఏం తెలుసని ఈమె భుజం దొరికింది? నేను కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చున్నాను, నా కళ్లల్లో నీళ్లు మాత్రం నా కోసమే.

కాసేపటికి ముసలామె నా దగ్గరికి వచ్చింది. ఆ పళ్లెం తనే తీసి, దాని మీద గుడ్డ కప్పి, లోపలికి పంపించేసింది. బల్ల తుడిచింది. నా ఎదురుగా కూర్చుని, నా ముఖం దగ్గరికి వంగి, ఈసారి నిదానంగా, నన్నే చూసింది. ఏదో అడిగింది.

మా ఆయన చేతిరుమాలుతో ముఖం తుడుచుకుంటూ చెప్పారు. "పొరపాటైంది, క్షమించమంటోంది. నువ్వేం తింటావని అడుగుతోంది. నీకేం ఇష్టమైతే అది చేయిస్తుందట."

"మీరే చెప్పండి" అన్నాను.

"ఏంటి?"

"నాకేం ఇష్టమో ఆమెకి చెప్పండి."

ఆయన నోరు తెరిచారు. "చే..." అని ఆగారు. నా ముఖం చూసి, "చికెన్?" అన్నారు.

"నన్నడుగుతున్నారా, చెబుతున్నారా?"

ఆయన వెతుక్కుంటున్నారని తెలుస్తూనే ఉంది. మూడేళ్లలో నేను వండిన చేపలన్నీ, ఆయనకి వడ్డించి చివర్లో నేను పెరుగన్నంతో సరిపెట్టుకున్న భోజనాలన్నీ ఆయన కళ్ల ముందు తిరుగుతున్నట్టున్నాయి. "తెలీదు" అన్నారు చివరికి. తర్వాత ముసలామె వైపు తిరిగి అదే మాట వాళ్ల భాషలోనూ చెప్పుకున్నారు. ఆమె చేతిలో గుడ్డతో ఆయన భుజం మీద ఒక్కటి వేసి గట్టిగా చీవాట్లు పెట్టింది. దానికి అనువాదం నేనడగలేదు.

పక్క బల్ల మీద ఒక కుటుంబం తింటోంది. వాళ్ల పళ్లెంలో గుప్పెడంత పిట్టలు, ఎర్రగా వేయించినవి. కౌజు పిట్టలు! మా నాన్న సంత నుంచి తెచ్చేవారు. మిరియాలూ ఉప్పూ రాసి మా అమ్మ పెనం మీద వేయిస్తే, కాళ్లు నాకూ మెడలు మా చెల్లికీ. ఈ దేశం వచ్చాక వాటి పేరే తలవలేదు. నేను చెయ్యి చాచి వాటిని చూపించాను. ముసలామె చప్పట్లు కొట్టి వంటింట్లోకి కేకేసింది.

"నీకవి ఇష్టమా?" మా ఆయన ఆశ్చర్యపోయారు. "ఎప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడడిగారు?"

నాకు ఆవిడ మీద అసూయ తగ్గిందా అంటే, లేదు. ఆవిడని ఎవరూ అడగక్కర్లేదు, ఆవిడకేం కావాలో సముద్రం ఒడ్డున ఉన్న హోటల్ వాళ్లకి కూడా తెలుసు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది.

పిట్టలు వచ్చాయి, పొగలు కక్కుతూ. ఆయన ముందు చేప పెట్టారు. నేను కొంగు నడుముకి దోపుకుని, ముందు కాలు విరిచాను. ఎముక పటుక్కుమంది. తలెత్తి చూస్తే మా ఆయన చేప ముట్టలేదు. కిటికీ వైపూ చూడడం లేదు. నేను ఏ ముక్క ముందు తీసుకుంటున్నానో, ఏది చివరికి మిగుల్చుకుంటున్నానో, కన్నార్పకుండా చూస్తున్నారు.