సాబేరా ఆపా కళ్ళతో చెప్పిన కథలు

నోరిచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆ నోటికి కథ చెప్పడం నేర్పే మనిషిని నేను ఎదురుచూడని చోట కూర్చోబెట్టినవాడూ ఆయనే. మందిరంలో వెతికితే దొరకని గురువును మందుల ఫ్యాక్టరీ బస్సులో, కిటికీ పక్క సీట్లో చూపించాడు. ఆయన నామానికే మహిమ.

నిన్న మా పాపకు టీకా వేయించడానికి ఇంద్రేశంలో మా ఇంటి దగ్గరి ఆసుపత్రికి వెళ్ళాను. నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచగానే ఆ చల్లని ఘాటు వాసన ముక్కుకు తగిలింది. పాప ఏడుస్తుంటే నేను నవ్వుతూ కూర్చున్నాను. నర్సు నన్ను వింతగా చూసింది. ఏం చేయను? ఆ వాసనకు అందరికీ సూది గుర్తుకొస్తుంది, నాకు సాబేరా ఆపా గుర్తుకొస్తుంది.

పెళ్ళికి ముందు పాశమైలారం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేదాన్ని. లోపలికి వెళ్ళేముందు చేతులకు స్పిరిట్ రాసుకోవాలి. తెల్ల గౌను, తలంతా మూసే తెల్ల టోపీ, మాస్కు వేసుకోవాలి. ఆ తర్వాత మనిషిలో కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. మా లైనుకు పెద్ద సాబేరా. అందరం ఆమెను అక్క అన్నట్టు ఆపా అని పిలిచేవాళ్ళం. లైను మీద మాట్లాడకూడదు కాబట్టి కళ్ళతోనే పని చెప్పేది. కనుబొమ్మ ఎగిరితే జల్దీ అని. కళ్ళు చిన్నవైతే ఎవరి డబ్బాలోనో మాత్రల అట్ట ఒకటి తక్కువ పడిందని. రెండు కళ్ళూ గుండ్రంగా తిరిగితే, పొద్దున బస్సులో చూసిన సీరియల్‌లో హీరోయిన్‌కు వచ్చిన కష్టం తలచుకుంటున్నదని.

ఆమెకు కొరియా సీరియళ్ళంటే ప్రాణం. సంగారెడ్డిలో ఎక్కి, నేను కందిలో ఎక్కేదాకా పక్క సీటు మీద టిఫిన్ డబ్బా పెట్టి నాకోసం ఉంచేది. నేను కూర్చోగానే ఇయర్‌ఫోన్ ఒక కొస నా చెవికి ఇచ్చేది. మా సంఘంలో ఇలాంటివి చూడరని మొదటిరోజే చెప్పాను.

"చూడకు బిడ్డా. కండ్లు మూసుకొని విను. విననీకి మీ పాస్టర్ వద్దన్లేదు గద" అంది.

రుద్రారం దాకా మూసుకున్నాను. ఇస్నాపూర్ వచ్చేసరికి రెండు కళ్ళూ తెరిచి, వానలో ఒక్క గొడుగు కింద నిలబడ్డ ఇద్దరు ఎప్పుడు మాట్లాడుకుంటారా అని చూస్తున్నాను. వాళ్ళూ మనలాగే చెప్పులు బయట విడుస్తారు, కూరలో ఎర్రగా కారం వేస్తారు, ముసలమ్మ గరిటె పట్టుకొని మనవడిని తిడుతుంది. అది చూసి ఆపా, "మా అత్త కూడా గిట్లనే తిట్టేది" అని మురిసిపోయేది. ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయాలి కనుక, వేరే బస్సుల్లో వచ్చేవాళ్ళకు కథంతా ఆపానే అన్నం దగ్గర చెప్పేది. శుక్రవారం మాత్రం దయ్యాల కథ. సరిగ్గా సైరన్ మోగే ముందు, దయ్యం తలుపు మీద చెయ్యి వేసిన చోట ఆపేది. ఆ రోజుల్లో మేము గేటు దగ్గర నడుము వంచి కొరియా దండం పెట్టుకునేవాళ్ళం. కొన్నాళ్ళకు బిహార్ నుంచి వచ్చిన సెక్యూరిటీ ఆయన కూడా తిరిగి నడుము వంచడం మొదలుపెట్టాడు.

అప్పుడే నాకొక కష్టం వచ్చింది. మా సంఘంలో సండేస్కూలు పిల్లలకు కథలు చెప్పే పని నాది. నేను ప్రేమించిన పని అదొక్కటే. వాక్యం తప్పు పోకుండా, ఒక్క పేరు మరవకుండా చెప్పేదాన్ని. అయినా పిల్లలు ఒక్కొక్కరే జారుకునేవారు. పాస్టర్ గారు మెల్లగా చెప్పారు, రాబోయే పిల్లల ఆదివారం సంఘమంతటి ముందు ఒక కథ చెప్పమని, పిల్లలు నిలవకపోతే తరగతి ఇంకొకరికి ఇద్దామని. మర్నాడు బస్సులో ఏడ్చాను. ఆపా సీరియల్ ఆపేసింది. ఆమె దాన్ని మధ్యలో ఆపడం అదే మొదటిసారి. చెప్పబోయే కథ తనకు చెప్పమంది. శిష్యులు పడవలో ఉండగా గాలి లేవడం, ప్రభువు నీళ్ళ మీద నడిచి రావడం, ఆయన్ని చూసి వాళ్ళు భూతమని కేకలు వేయడం అప్పజెప్పాను.

ఆమె ఇయర్‌ఫోన్ చుట్టి పక్కన పెట్టింది. "తప్పేం లేదు కరుణా. గని నీకు భయం లేదు. ఆఖరికి అంతా మంచిగైతదని నీకు ముందే తెల్సు. పడవల ఉన్నోళ్ళకు తెల్వదు గద."

ఆ మాట అర్థమైంది కానీ దాంతో ఏం చేయాలో తెలియలేదు. శుక్రవారం అది తెలిసింది. ఆ రోజు ఆపా తెల్లబట్టల్లో అడుగుల చప్పుడు లేకుండా తిరిగే నర్సు దయ్యం కథ ఎత్తుకుంది. సైరన్ మోగింది. ఒకరి వెనక ఒకరం నక్కుతూ గౌన్లు వేసుకునే గదిలోకి వెళ్ళి, ఎవరి గౌను వాళ్ళం అందుకున్నాం. మూలనుంచి ఒక తెల్లటి ఆకారం చప్పుడు లేకుండా మా వైపు వచ్చింది. అందరం అరిచాం. అందరికంటే పెద్దగా అరిచి బల్ల ఎక్కింది ఆపానే. ఆ ఆకారం మాస్కు కిందికి లాగి, "ఏందే, నేనే" అంది. మా లైను భారతమ్మ. మాకంటే ముందు తిని వచ్చి గౌను వేసుకుంది, అంతే. అప్పుడు ఒకరినొకరం చూసుకున్నాం. అందరి చేతుల్లోనూ అవే తెల్ల గౌన్లు. రోజంతా తెల్లబట్టల్లో ఉండే మేము తెల్లబట్టలు చూసి జడుసుకున్నాం. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం.

ఆపా బల్ల దిగుతూ, "ఇప్పుడే నా డబ్బల పప్పు తిన్నది ఇది. దీన్ని సూసి భయపడ్డ" అంది.

ఆ ఒక్క మాటతో నా కథ నాకు దొరికింది.

ఆదివారం మందిరంలో పిల్లల ముందు నిలబడ్డాను. గాలి, నీళ్ళు, తెడ్లు లాగి అలసిన చేతులు, అన్నీ చెప్పాను. దూరంగా నీళ్ళ మీద ఏదో కదిలిందన్నాను. తెల్ల చున్నీని కళ్ళ కిందిదాకా చుట్టుకొని, ఆపాలాగా కళ్ళు గుండ్రంగా చేసి, చప్పుడు లేకుండా ఒక్కో అడుగు వేశాను. పిల్లలు ఒకరినొకరు పట్టుకున్నారు. వెనక వరుసలోంచి మా పెద్దమ్మ లేచింది. సంఘంలో ఆమె మాటకు పాస్టర్ గారు కూడా ఎదురు చెప్పరు.

"మందిరంల దయ్యాల కథలేందే?"

ఇక తరగతి పోయిందనుకున్నాను. అప్పుడు ముందు వరుసలోని ఒక చిన్నపిల్ల వెనక్కి తిరగకుండానే, "జెర ఆగు అమ్మమ్మా, ఎవరో తెల్వనీ" అంది.

చున్నీ తీసేశాను. "రోజూ వాళ్ళతో కలిసి రొట్టె తినేవాడే. తమ పక్కన కూర్చొని తిన్నవాడినే చూసి భయపడ్డారు" అన్నాను. పిల్లలు ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. పెద్దమ్మ నిలబడే ఉంది. తర్వాత మెల్లగా కూర్చుంది. ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, పడవ దిగి తనూ నీళ్ళ మీద నడవబోయిన శిష్యుడి సంగతి వచ్చే వారం చెప్తావా అని అడిగింది. తరగతి నాకే ఉండిపోయింది. సోమవారం ఈ సంగతి చెబితే ఆపా గేటు దగ్గర అందరూ చూస్తుండగా నాకు నడుము వంచి దండం పెట్టింది. ఎందుకో తెలియకపోయినా సెక్యూరిటీ ఆయనా పెట్టాడు.

ఇప్పుడు ఇంద్రేశం సంఘంలోనూ పిల్లలకు కథలు చెబుతున్నాను. కథ చివర నాకు తెలుసన్న సంగతిని చెప్పులతోపాటు బయటే విడిచి లోపలికి వెళ్తాను. తీరిక దొరికితే ఒక కొరియా సీరియల్ చూస్తాను, దయ్యాల కథ దొరికితే వదలను. దేవుడు నన్ను దీనికి గద్దించినట్టు నాకెన్నడూ అనిపించలేదు.

ఆపా పని మానేసి జహీరాబాద్‌లో కూతురి దగ్గర ఉంటోంది. నిన్న ఆసుపత్రి నుంచి రాగానే ఫోన్ చేశాను. రెండు కళ్ళలోనూ పొరలు వచ్చాయట, వచ్చే వారం ఆపరేషన్. "ఏం సూద్దామన్నా మసకనే. దయ్యం ఎవరో హీరోయిన్ ఎవరో తెలుస్తలేదు. మంచిదాన్ని సూసి భయపడుతున్న" అని నవ్వింది. నవ్వు ఆగాక, "నీ దువాల నన్ను యాది పెట్టుకో బిడ్డా" అంది, నా ప్రార్థనలో తనను తలచుకోమని. ఆమె గొంతులో నవ్వుగా మారని భయం వినడం నాకు అదే మొదటిసారి.

ఇది చదివిన మీరు ఆమెను చూడలేదు. అయినా నాతో కలిసి ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. ఆమె కళ్ళు తేటగా తెరుచుకోవాలని అడుగుదాం.